చప్పుడుకు మెడ తిప్పే కెమెరా

భోజనాల గదిలో టీవీ పైన కొత్త కెమెరా బిగిస్తున్నారని తెలియగానే కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరూ వచ్చి తలుపు దగ్గర మూగారు. యూనిఫారాలు కుట్టే ఆ కంపెనీకి హెడ్డాఫీసు ఎక్కడో వేరే ఊళ్ళో ఉంది. ఇన్నాళ్ళూ అక్కడి మాటలు ఫోన్లో వచ్చి మేనేజరు చెవిలో పడేవి, వాటిలో ఆయనకు నచ్చినవి మాత్రమే మిగతావాళ్ళ దాకా వచ్చేవి. ఇకమీదట నెలనెలా అందరితో ముఖాముఖి మాట్లాడాల్సిందేనని హెడ్డాఫీసులో పెద్ద మేడమ్ పట్టుబట్టింది. ఈ శుభవార్తను మేనేజరు మొహం గంటు పెట్టుకుని మరీ చెప్పాడు.

కెమెరా బిగించడానికి వచ్చినాయన బొద్దుగా ఉన్నాడు. ఎవరు తొందరపెట్టినా తొణకని రకం. వైర్లు గోడ వెంట లాగి టేపు వేశాడు, బల్ల మధ్యలో గుండ్రటి మైకు పెట్టాడు, టీవీలో బొమ్మ చూసి పెదవి విరిచాడు. వెనక కిటికీలోంచి ఎండ పడి అందరి మొహాలూ బొగ్గుల్లా ఉన్నాయట, ఏదైనా అడ్డం కట్టమన్నాడు. కత్తెరక్క వెళ్ళి నీలం రంగు గుడ్డలో కిటికీకి సరిపడా ముక్క కత్తిరించి తెచ్చింది. కొలత చూడకుండానే కత్తిరించింది, అయినా అతికినట్టు సరిపోయింది.

ఆమె కటింగ్ బల్ల దగ్గర పనిచేస్తుంది. పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే తననే పిలుస్తున్నారని అర్థం, ఆ పేరంటే ఆమెకు చాలా ఇష్టం. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది ఆమె వదిన, సొంత అన్న భార్య. పెళ్ళై వచ్చిన కొత్తలోనే పట్టుదలగా ఆడబిడ్డ సైగలన్నీ నేర్చేసుకుంది. కత్తెరక్క చేతులు ఏమంటే వదిన నోరు అదే అంటుంది, ఒక్క ముక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు.

దీనివల్ల కంపెనీలో ఒక పాడు అలవాటు పాతుకుపోయింది. కత్తెరక్కకి ఏం చెప్పాలన్నా అందరూ వదిన మొహం చూసి చెబుతారు. ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నా సరే, ఆవిడ అన్నం తిందా అని వదిననే అడుగుతారు. ఈ విషయంలో మేనేజరు అందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. ఇన్నేళ్ళలో ఆయన కత్తెరక్క వైపు తిరిగి మాట్లాడింది ఒక్కసారీ లేదు.

ఇప్పుడు కొత్త కటింగ్ మిషను వస్తోంది. ఏదైనా తేడా వస్తే అది కుయ్యిమని కూస్తుందట. వినబడని మనిషిని దాని దగ్గర ఉంచితే ప్రమాదమని, ప్యాకింగ్‌లోకి మార్చేద్దామని మేనేజరు పైకి చెప్పేశాడు. ప్యాకింగ్ అంటే అట్టపెట్టెలకు టేపు అంటించడం. అది తక్కువ పనని కాదు. కానీ గుడ్డ చేతిలోకి తీసుకోగానే చొక్కాలు ఎలా తీయాలో కళ్ళముందు మెదిలే మనిషికి, ఆ బల్ల నుంచి లేవమంటే ప్రాణం తీసినట్టే. కత్తెరక్క మొండికేసింది. నా సంగతి నేనే చెప్పుకుంటానని వదిన చేత హెడ్డాఫీసుకు ఫోన్ చేయించి అడిగించింది. పెద్ద మేడమ్ సరేనంది. మొదటి మీటింగులో ఆమె వంతూ పెట్టారు.

కెమెరా ఆయన పని ముగించి, దాని గొప్పతనం చెప్పాడు. ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు అదే మెడ తిప్పుతుంది, వాళ్ళని దగ్గరగా చూపిస్తుంది. అలా కాకుండా గది మొత్తం ఒకేసారి కనబడేలా కూడా పెట్టుకోవచ్చు. మేనేజరు మెడ తిప్పేదే కావాలన్నాడు. కాజాలు కుట్టే ఆవిడ తుమ్మింది, కెమెరా గిర్రున ఆమె వైపు తిరిగింది. ఎవరిదో స్టీలు గ్లాసు కిందపడితే బల్ల కాళ్ళు చూపించింది. మేనేజరు దగ్గితే టీవీ నిండా ఆయన మీసమే. ఆయన దాన్ని చూసుకుంటూ సవరించుకున్నాడు కూడా. అందరితోపాటు కత్తెరక్కా పగలబడి నవ్వింది.

నవ్వుతూనే కెమెరా ముందు నిలబడి చేతులు ఆడించింది. అది కదల్లేదు. ఇంకా పెద్దగా ఆడించింది. టీవీలో ఇంకా మేనేజరు మీసమే ఉంది. కత్తెరక్క మొహంలో నవ్వు పోయింది.

గది మొత్తం కనబడేలా పెట్టించమని వదిన చేత అడిగించింది. మేనేజరు మామూలుగానే వదిన వైపు తిరిగాడు.

"ఆవిడ ఒక్కదాని కోసం మార్చాలా? ఆవిడ చెప్పేది ఎలాగూ నువ్వు చెబుతావు కదమ్మా. నువ్వు కనబడితే చాలు."

ఒక్క బటన్ నొక్కితే అయిపోతుందని కెమెరా ఆయన అనబోయాడు. మేనేజరు చూసిన చూపుకి నీళ్ళు నమిలి తన సంచీ సర్దుకున్నాడు. వదిన ఆ మాటలన్నీ సైగల్లో ఉన్నదున్నట్టు చెప్పింది. కత్తెరక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మీటింగు మొదలైంది. టీవీలో గళ్ళు గళ్ళుగా హెడ్డాఫీసువాళ్ళు కూర్చున్నారు. పెద్ద గడిలో పెద్ద మేడమ్, ఆమె పక్కన టై కట్టుకున్న ఆఫీసరు. కింద మూల చిన్న గడిలో ఈ గది. అవతలివాళ్ళకి ఏం కనబడుతోందో అందులో చూసుకోవచ్చు. మిగతావాళ్ళంతా మాటలు వింటున్నారు. కత్తెరక్క ఆ చిన్న గడినే చూస్తూ కూర్చుంది.

ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడింది, చేతులు కదిలాయి. బల్లకి అవతలి చివర కూర్చున్న వదిన గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. నేను కటింగ్ బల్ల వదలను, నాకు వినబడదు గానీ కనబడుతుంది అని ఇంకా ఏదో చెబుతోంది. చిన్న గడిలో వదిన మొహం నిండిపోయింది. కత్తెరక్క మోచెయ్యి కూడా కనబడలేదు. హెడ్డాఫీసు ఆఫీసరు వదిననే ఎగాదిగా చూసి, నీకు బాగానే వినబడుతోంది కదమ్మా, చెవుడని రాశారేమిటి అన్నాడు. వదిన బిక్కచచ్చిపోయి, నేను కాదండీ, మా ఆడబిడ్డ అంది. ఏ ఆడబిడ్డ, ఎక్కడ అని వాళ్ళు వెతుక్కున్నారు.

సందు దొరికింది కదా అని మేనేజరు అందుకున్నాడు. ఆవిడ ప్యాకింగ్‌కి ఒప్పుకుందనీ, కొంచెం దిగులుపడుతోంది తప్ప ఇంకేమీ లేదనీ చెప్పేశాడు. చిన్న గడిలో మళ్ళీ మీసం.

వదిన ఆ ముక్క సైగల్లో చెప్పింది. ఒప్పుకుందట. కత్తెరక్క గది మూల చెత్త వేసే ఖాళీ రేకు డబ్బాని కాలితోనే ముందుకు ఈడ్చుకుని, బలంకొద్దీ తన్నింది.

ఆ చప్పుడుకు అందరూ ఉలిక్కిపడ్డారు. కెమెరా గిర్రున తిరిగింది. చిన్న గడిలో కత్తెరక్క మొహం వచ్చింది, నుదుటి చెమటతో సహా.

ఆమె వదినని రమ్మని సైగ చేసి, తన వెనక నిలబెట్టుకుంది. కత్తెరక్క భుజం మీదుగా ఆమె చేతులు తనకి కనబడేలా వదిన తల వంచింది. ఇప్పుడు మాట వచ్చేదీ అక్కడినుంచే. కెమెరా ఇక కదల్లేదు.

"వినబడనిది నాకు. అడగాల్సింది నన్ను. నేను ప్యాకింగ్‌కి ఒప్పుకోలేదు, ఒప్పుకోను."

మేనేజరు అసలు సంగతేంటంటే మేడమ్ అన్నాడు. కెమెరా అటు తిరగబోయింది. ఆయన పెదాలు కదలడం చూడగానే డబ్బా మోగింది, కెమెరా వెనక్కి వచ్చేసింది. అది కాదు మేడమ్ అన్నాడు. మళ్ళీ మోగింది. మూడోసారి పాపం గొంతు సవరించుకోబోయాడంతే, అప్పుడూ మోగింది. కాజాలు కుట్టే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బల్ల కిందికి వంగిపోయింది.

కత్తెరక్క నవ్వలేదు. ఆమెకి ఏడుపు వస్తోంది, దాన్ని దిగమింగి చేతులు ఆడించింది. వదిన ఆ మాటలు పలికింది.

"మిషను కూస్తే నాకు వినబడదు, నిజమే. ఒక ఎర్ర బల్బు పెట్టించండి, వెలిగితే చూస్తాను. చప్పుడైతే మెడ తిప్పే కెమెరా కొన్నారు. నాకోసం ఒక్క బల్బు కొనలేరా?"

గదిలో చప్పుడేమీ లేకపోయేసరికి కెమెరా ఎటూ తిరగక కత్తెరక్క మీదే ఉండిపోయింది. పెద్ద మేడమ్ జవాబు చెప్పబోతూ అలవాటుగా వెనకున్న వదిన వైపు చూసింది. చూసి, ఆగి, చూపు కిందికి దించి కత్తెరక్క కళ్ళలోకి చూసింది. బల్బు పెట్టిస్తామని, మిషను ఆమే నడపాలని, తేడా వస్తే అప్పుడు మాట్లాడదామని నెమ్మదిగా చెప్పింది. వదిన పక్కకి వచ్చి దాన్ని సైగల్లో చెప్పాక కత్తెరక్క చేతులు వెంటనే లేచాయి. తేడా వస్తే మాట్లాడండి, కానీ నాతో మాట్లాడండి. మేడమ్ తలాడించింది.

టీవీ ఆరిపోయింది. జనమంతా వచ్చి కత్తెరక్క వీపు తట్టారు, రెండు వేళ్ళూ ఆడిస్తూ ఆమె పేరు పిలిచారు. మేనేజరు మాత్రం కందగడ్డలా ఎర్రబడిన మొహంతో నేరుగా వదిన దగ్గరికి వచ్చాడు. పైవాళ్ళ ముందు తన పరువు తీసిందని, ఆవిడని ఇప్పుడే క్షమాపణ చెప్పమనమని అన్నాడు.

ఆడబిడ్డకి ఎవరేమన్నా చెప్పకుండా ఉండటం వదినకి ఇన్నేళ్ళలో తెలియదు. ఆమె చేతులు అలవాటుగా పైకి లేచాయి. మళ్ళీ దించేసుకుంది.

"నేను చెప్పను సార్. ఆవిడ ఇక్కడే ఉంది. మీరే చెప్పుకోండి."

మేనేజరు చుట్టూ చూశాడు. ఎవరూ ఆయనకి సాయం రాలేదు. ఇక గత్యంతరం లేక కత్తెరక్క వైపు తిరిగాడు. ఎదురుగా నిలబడ్డాక ఆమె కళ్ళలోకి ఎలా చూడాలో, నోరు ఎంత తెరవాలో తెలియక తికమకపడ్డాడు. చివరికి చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పేవాడిలా పెదాలు సాగదీసి, క్షమాపణ చెప్పు అన్నాడు.

కత్తెరక్కకి ప్రతి అక్షరం అర్థమైంది. ఈ మనిషి తనవైపు తిరిగి తనతో ఒక మాట అనాలని ఆమె ఎన్నేళ్ళుగానో ఎదురుచూసింది. అన్నాడు. లోపల సంతోషం పొంగింది, దాచుకోలేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ, చిరునవ్వుతో, తీరిగ్గా తల అడ్డంగా ఊపింది. అది ఆయనకి అర్థం కావడానికి వదిన అవసరం లేకపోయింది.