కొప్పుకు అటూ ఇటూ

ఉదయం తొమ్మిదీ నలభైకి ఓయికావా ఎయికిచి తన ఇంటి కప్పు మీద మంచు తోస్తూ జారి, చూరు కింద వేలాడాడు. వయసు డెబ్భై ఎనిమిది. ఒంటరిగా కప్పెక్కవద్దని, తాడు లేకుండా అసలే వద్దని వాడంతా కాగితాలు అంటించింది ఆయనే.

ఆ రెండూ పాటించాడు. ఏటా తాడు ఒక కొస తన నడుముకు, రెండోది పెరట్లో చెట్టుకు కట్టేవాడు. చలికాలానికి ముందు ఆ చెట్టు కొట్టించాడు. అందుకని పొరుగింటి తొరాజోను పిలిచి, తాడును రెండు వాలులూ కలిసే కొప్పు మీదుగా అవతలికి వేసి, రెండో కొస తొరాజో నడుముకు కట్టాడు. తాను వీధి వైపు, తొరాజో పెరటి వైపు.

ఎయికిచి జారగానే తొరాజో బోర్లాపడి, తాడు లాగగా కొప్పు దాకా జారుకుంటూ వచ్చి, రెండు మోచేతులూ దానికి తగిలించుకుని ఆగాడు.

ఎయికిచి కాళ్ల కింద మంచు పారబోసే కాలువ ఉంది. నీళ్లు రోడ్డు అడుగునుంచి నదికి పోతాయి. పైనుండే ఇనుప జాలీని పొద్దున ఆయనే తీశాడు.

"ఒరే తొరాజో, కదలకు!"

"కదిలితే నువ్వు నదిలో తేలతావు, తెలుసులే. కాస్త మర్యాదగా అడుగు."

"మర్యాదేంట్రా, నడుం తెగిపోతోంది!"

"పోయినవారం నీ కప్పు మంచంతా నా ముల్లంగి పాతర మీద పోసిందెవరు?"

"గాలి."

తొరాజో ఒక మోచెయ్యి తీశాడు. ఎయికిచి జానెడు దిగాడు.

"నేనే! నేనేరా పోసింది!"

"తవ్వేదెవరు?"

"ఎండలొస్తే అదే కరుగుతుంది కదరా..."

అప్పుడే ఎయికిచి భార్య కిసె బయటికొచ్చింది. తలెత్తి చూసింది.

"అక్కడున్నారా? టీ చల్లారిపోతోంది."

"నిచ్చెన తేవే!"

"ముందు జాలీ. మీరంటించిన కాగితంలోనే ఉంది."

"తొందరేం లేదు వదినా," అన్నాడు తొరాజో.

"మీరు తుమ్మకండి అన్నయ్యా, అది చాలు."

ఆమె జాలీ మూసింది. నిచ్చెన తెచ్చి నిలబెట్టింది. ఎయికిచి కాలు చాచాడు. ఆమె నిచ్చెనను అడుగు పక్కకు జరిపింది.

"తవ్వుతానని చెప్పండి."

"తవ్వుతాను."

తొమ్మిదీ యాభై ఎనిమిదికి ఎయికిచి నేల మీద ఉన్నాడు. తొరాజో కొప్పుకు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నాకే తాడు విప్పారు.

మర్నాడు ఉదయం ఏడింటికి ఎయికిచి తొరాజో పెరట్లో పాతర మీది మంచు తవ్వుతున్నాడు. అక్కడ నేల చదును. నడుముకు తాడు ఉంది. రెండో కొస కిసె చేతిలో ఉంది.