తీసేయాల్సిన పేరు

కంపెనీ నడపడం నేర్పిస్తానని మా సిద్దిరాములు సార్ కరీంనగర్‌లో మా డిగ్రీ కాలేజీలో పోటీ పెట్టాడు. నలుగురు కలిస్తే ఒక కంపెనీ. ఇళ్ళ నుంచి తెచ్చుకున్న పాత పేపర్లతో సంచులు చేయాలి. గంట కొట్టగానే ఎవరివి తక్కువైతే వాళ్ళ పేరు లీడరే మైకులో చెప్పి తీసేయాలి. మిగిలిన ముగ్గురు ముందుకు పోతారు, గెలిచినవాళ్ళు హైదరాబాద్‌లో ఫైనల్‌కు. దీన్ని సార్ మేనేజ్‌మెంట్ అన్నాడు. మా వాడలో దీనికి వేరే పేరుంది, ఇక్కడ రాయను.

మా కంపెనీకి లీడర్ నేనే, రుబీనాను. నా జట్టులో సాల్మన్, సక్కుబాయి, ఏంజెల్. ఏంజెల్ చెయ్యి నిదానం. ఆమె పెట్టిన మడత చూస్తే ముచ్చటేస్తుంది, కానీ మేం మూడు సంచులు చేసేలోపు ఆమెది ఒకటి. పొద్దున్నుంచీ నా చెవిలో ఒకటే పోరు.

"నన్ను తీసెయ్యే. నా కోసం మీరెందుకు ఆగమైతరు?"

"సప్పుడు జెయ్యకుండ మడత పెట్టు," అన్నాను.

ఆమె మీద కోపం కాదు. కాలేజీ అంతా చూస్తుండగా ఆమెను పనికిరానిదనే పని నా నోటికి అప్పజెప్పారు, అందుకు నాకు ఒళ్ళు మండుతోంది. పక్క జట్టు లీడర్ గంట దాకా ఆగకుండానే మైకులో ఒక పేరు చెప్పేశాడు. ఆ పిల్ల గోడ పక్కన నిలబడి ఎటు చూడాలో తెలియక నేల చూస్తోంది.

మెట్‌పల్లిలో మా అమ్మీ బీడీలు చుడుతుంది. వాడలో ఆడవాళ్ళంతా చాటలు ముందు పెట్టుకుని ఒక్కచోట కూర్చుంటారు. ఎవరికైనా ఆ రోజు చెయ్యి సాగకపోతే పక్కవాళ్ళు తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేస్తారు. కార్ఖానాలో అప్పజెప్పేటప్పుడు ఎవరి చాటా వెలితిగా ఉండదు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు.

మేమూ అదే చేశాం. గంట కొట్టకముందే సంచులన్నీ కలిపి నాలుగు కుప్పలు పెట్టాం.

సార్ వచ్చి చూశాడు. "అందరియి సమానమెట్లయినయ్?"

"కలిసి చేసినం సార్."

"గీడ నేర్చుకునేది గది కాదమ్మా. చేతికి ఐదు వేళ్ళు సమానముంటయా?"

"ఉండయ్ సార్. గని ఐదు కలిస్తెనే ముద్ద నోట్లెకు వస్తది."

వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. సార్ మొహం మాడిపోయింది. మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఒక్క పేరు చెప్పు. లేకుంటే మీ కంపెనీ మొత్తం బయటికే."

హైదరాబాద్ పోవాలని నాకూ ఉంది, అబద్ధమెందుకు. ఏంజెల్ తల వంచుకుని తన పేరు కోసం ఎదురు చూస్తోంది.

"రుబీనా, సాల్మన్, సక్కుబాయి, ఏంజెల్," అన్నాను. "నలుగురం బయటికే పోతున్నం. ఒక్కల్ని తీసేసుడు నాతోని కాదు."

సార్ మైకు గుంజుకున్నాడు. "పోండ్రి. సంచులు ఆడ్నే పెట్టి పోండ్రి. పోటీ చూడొచ్చిన గెస్టులకు మిఠాయి గా సంచులల్లనే పెట్టియ్యాలె."

నేను నోరు తెరిచేలోపే ఏంజెల్ లేచింది. చున్నీ బల్ల మీద పరిచి, నాలుగు కుప్పలూ అందులోకి ఎత్తి మూట కట్టింది. సార్ కళ్ళలోకి చూసింది.

"పనికిరానోళ్ళు చేసిన సంచులు గెస్టులకెందుకు సార్?"