మామయ్యగారి తరఫున

పెద్దాయన గుండె సగం పనే చేస్తోందని డాక్టరమ్మ చెప్పినప్పుడు కుటుంబం మొత్తం ఆ గదిలోనే ఉంది. కుర్చీలు రెండే కావడంతో పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. కూతురు, కొడుకు గోడకు ఆనుకున్నారు. అల్లుడు తలుపు దగ్గర నిలబడ్డాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ కుటుంబంతో ఎక్కడికి వెళ్ళినా అతని చోటు తలుపు దగ్గరే.

పెద్దాయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. "ఇంకెంత దూరం లాగుతుందండీ?" అని అడిగారు, బండి గురించి అడిగినట్టే.

"ఏడాది అనుకోండి. ఇంకా తక్కువే కావచ్చు," అంది డాక్టరమ్మ. "ఒక సంగతి ముందే మాట్లాడుకుంటే మంచిది. ఊపిరి అందని పరిస్థితి వస్తే గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టమంటారా, వద్దంటారా? ఆ సమయంలో మీకు మాట రాకపోతే మీ తరఫున ఎవరు చెప్తారు?"

కూతురు గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. 'ఎవరు చెప్తారు' అన్న మాట ఎక్కడ వినపడినా కాలు దానంతటదే ముందుకు పడుతుంది.

"మా అల్లుడుగారు," అన్నారు పెద్దాయన.

అందరూ తలుపు వైపు చూశారు. అల్లుడు కూడా వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో కూతురు ఆగలేకపోయింది. "కన్నకూతుర్ని నేనుండగా ఆయనేంటి నాన్నా?"

"నువ్వు వదలవు తల్లీ. నన్నొక మిషన్‌కి తగిలిస్తావు, అది ఆగితే ఇంకోటి తెప్పిస్తావు. వీడు చూస్తే," అని కొడుకు వైపు తల ఊపారు, "టీవీలో కుక్కపిల్ల తప్పిపోయినా ఏడుస్తాడు. మీ అమ్మ వీధి వీధంతా సలహా అడిగొచ్చేసరికి నా పని అయిపోతుంది."

"మరి ఆయన?"

"అల్లుడుగారికి నా మీద మరీ అంత ప్రేమేం లేదు. నిదానంగా ఆలోచిస్తారు."

"అబ్బే, అదేం లేదండీ," అన్నాడు కారు నడుపుతున్న అల్లుడు. ఏది లేదన్నాడో ఎవరికీ తేలలేదు. ముందు సెకండ్ గేరులోకి రమ్మన్నారు పెద్దాయన.

అల్లుడిది కళ్ళజోళ్ళ దుకాణం. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మార్చి అద్దం పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని పొద్దస్తమానం అడగడమే అతని పని. వాళ్ళు దేన్ని బాగుందంటే దాన్నే బిగిస్తాడు. మామగారు అప్పగించిన పని కూడా అలాగే చేద్దామనుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళింటికి వెళ్ళి, దుకాణంలో మాట్లాడే గొంతుతోనే అడగడం మొదలుపెట్టాడు. గొంతులో గొట్టం గురించి ఎన్నిసార్లు అడిగినా పెద్దాయన వద్దనే అన్నారు.

"నడవలేకపోయారనుకోండి. పర్వాలేదా?"

"పర్వాలేదు. ఉద్యోగమంతా కూర్చునే చేశాను."

"నోటితో తినలేరు. ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారు."

పెద్దాయన ఆలోచించారు. "పోసింది కాఫీ అని నాకు తెలుస్తుందా?"

"తెలియదండీ."

"అయితే వద్దు."

"మనుషుల్ని గుర్తుపట్టలేకపోతే?"

"ఎవర్ని?"

"మాటవరసకి, అత్తయ్యగార్ని."

"అదేమంత పెద్ద..."

"నాకు వినపడుతోంది," అంది అత్తగారు వంటింట్లోంచి.

పెద్దాయన గొంతు తగ్గించారు. "నేను గుర్తుపట్టకపోయినా ఫర్లేదు. తను మాత్రం పక్కన కూర్చోవాలి. అది గుర్తుంచుకోండి."

ఒక ఆదివారం అల్లుడు, భయంగా ఉందా అని అడిగాడు. చావంటే ఎలా ఉంటుందో తెలియదు కనక దాని గురించి చెప్పలేనన్నారు పెద్దాయన. "ఊపిరి అందకపోవడం మాత్రం తెలుసు. మొన్నొకసారి వచ్చింది. అదంటే భయమే." అల్లుడు మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆయాసం తెలియకుండా ఉండటానికి మందు ఉందనీ, దాన్ని ఇంట్లో కూడా ఇవ్వొచ్చనీ కనుక్కొచ్చాడు. ఆ మాట విన్నాక పెద్దాయన అతన్ని ఇంకో కప్పు కాఫీ తాగి వెళ్ళమన్నారు. అంతకుముందెప్పుడూ రెండో కప్పు దాకా రాలేదు.

తలవైపు పైకి లేచే ఆస్పత్రి మంచం ఒకటి అద్దెకు తెచ్చి ముందుగదిలో కిటికీ పక్కన వేశారు. దానికోసం సోఫా తీసేయాల్సి వచ్చింది.

"వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?" అంది అత్తగారు.

"వచ్చేది నన్ను చూడ్డానికేగా. నిలబడి చూస్తారు."

ఆ కిటికీలోంచి రోడ్డు కనపడేది. వచ్చేపోయే బస్సులను చూస్తూ పెద్దాయన డ్రైవర్లందరికీ మార్కులు వేశారు. ఎవరూ పాస్ కాలేదు.

ఒకరోజు ఉదయం ఆయన పెదవులు నీలంగా మారాయి. అత్తగారు కంగారుపడి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. అందరూ ఆస్పత్రికి చేరేసరికి పెద్దాయన స్పృహలో లేరు. ఎమర్జెన్సీలో ఉన్న కుర్ర డాక్టరు గొట్టం వెయ్యాలా అని అడిగాడు.

"వెయ్యండి," అంది కూతురు. కొడుకు ఏడుస్తూ అవునన్నట్టూ కాదన్నట్టూ తలాడించాడు.

"వద్దండీ," అన్నాడు అల్లుడు. "ఆయాసం తగ్గే మందు ఇవ్వండి. గొట్టం మాత్రం వద్దు."

కూతురు భర్త వైపు తిరిగింది. "చెప్పడానికి నువ్వెవరు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ భర్తని నువ్వనడం అదే మొదటిసారి. కుర్ర డాక్టరుకు ఆ సంగతి తెలియదు. కొడుకు మాత్రం ఏడుపు ఆపాడు.

"మామయ్యగారు వద్దన్నారు," అన్నాడు అల్లుడు. గొంతు దుకాణంలో లాగే ఉంది. "నేను అడిగాను. రెండు మూడుసార్లు అడిగాను. ప్రతిసారీ వద్దనే అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని, "నేనూ విన్నానే, వంటింట్లోంచి," అంది.

డాక్టరు మందు ఇచ్చాడు. అల్లుడు వరండాలో కుళాయి దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు తీసి కడుక్కున్నాడు, మొహం కూడా కడుక్కున్నాడు, మళ్ళీ కళ్ళజోడు కడిగాడు. బావమరిది వచ్చి, "బావా, నువ్వు కూడా ఏడుస్తున్నావా?" అన్నాడు ఆశగా. అల్లుడు అవునన్నాడు.

మందు పట్టాక ఊపిరి నెమ్మదించింది. పెద్దాయనను ఇంటికి తెచ్చి కిటికీ పక్కన పడుకోబెట్టారు. ఎవరూ అనుకోలేదు కానీ సాయంత్రానికి కళ్ళు తెరిచారు. అప్పుడు పక్కన అల్లుడు ఉన్నాడు.

"గొట్టం వేశారా?"

"లేదండీ."

"మా అమ్మాయి గొడవ చేసిందా?"

"చేసిందండీ. పెద్ద గొడవే."

"మంచిది," అన్నారు పెద్దాయన. "చెయ్యకపోతే బాధపడేవాణ్ణి."

ఆ మాట అల్లుడు భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ అతనికేసి చూడలేదు. స్కూలుకు సెలవు పెట్టి, తండ్రి మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. పెద్దాయన మెలకువగా ఉన్నప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. దాహంగా ఉందా, దిండు ఎత్తు చాలా, అమ్మని పిలవనా. ఆయన కొన్నిటికి జవాబు చెప్పారు. కొన్నిటికి చెయ్యి నొక్కారు. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, ఒకవైపు భార్య, మరోవైపు కూతురు కూర్చుని ఉండగా ఆయన పోయారు. ఆయాసపడలేదు. కొడుకు పక్కగదిలో నిద్రపోతున్నాడు. అల్లుడు దుకాణంలో ఎవరికో కళ్ళు చూస్తున్నాడు. ఫోను వచ్చాక కూడా ఆ మనిషికి సగంలో ఉన్న రెండో కన్ను పూర్తిచేసి బయల్దేరాడు. అలా ఎందుకు చేశాడో అతనికే తెలియదు.

భార్య గుమ్మంలో ఎదురైంది. "వచ్చావా," అంది. ఆ తర్వాత మళ్ళీ 'మీరు' అనలేదు. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం అత్తగారు కూతుర్నీ అల్లుణ్ణీ భోజనానికి పిలిచింది. తిన్నాక కంచాలు తియ్యనివ్వలేదు.

"నన్ను కూడా అడగండి," అంది.

అల్లుడు భార్య వైపు చూశాడు. ఈసారి ఆవిడే అడిగింది. "అమ్మా, ఊపిరి అందకపోతే గొట్టం వెయ్యమంటావా?"

"వెయ్యండి."

"ముక్కులోంచి పోస్తారు."

"పొయ్యనీ. వండుకునే పని తప్పుతుంది."

"ఎవర్నీ గుర్తుపట్టలేవేమో అమ్మా."

"మీరు నన్ను గుర్తుపడతారుగా. ఉన్న మిషన్లన్నీ పెట్టించండి. ఒక్కటి కూడా వదలొద్దు."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "ఎన్నాళ్ళండీ, అత్తయ్యగారూ?"

"డాక్టర్లు విసుగెత్తిపోయేదాకా," అంది ఆవిడ కంచాలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ. "మీ మామయ్యగారికి మొదట్నుంచీ తొందరెక్కువ. నాకేం తొందర్లేదు."