కిటికీలు తీసెయ్యాలన్నాను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాత చర్చిల మీద ఫొటోల పుస్తకం వెయ్యాలని మా వైపు పల్లెలన్నీ తిరుగుతున్నాను. ఏ ఊరికి వెళ్లినా ముందు ఎవరో ఒకర్ని తిట్టందే కెమెరా బయటపెట్టను. సున్నపు గోడలకి ఆయిల్ పెయింట్ కొట్టారని ఒకచోట, చెక్క పైకప్పు కింద ప్లాస్టిక్ సీలింగ్ బిగించారని ఇంకోచోట. గోడకి ఊపిరాడదండీ అంటే, మనుషులకే ఆడట్లేదు బాబూ అని నవ్వాడొక ఫాదర్. ఆయన్నీ వదల్లేదు.

మా పిన్ని ఊరి చర్చిని మాత్రం చివరికి ఉంచుకున్నాను. ఇష్టమైనది చివర్న తినడం చిన్నప్పటి అలవాటు. చిన్న గుడి, మావైపు చర్చిని గుడే అంటాం. రెండు వైపులా మొనదేలిన కమాను కిటికీలు, వాటి చట్రాలు మా తాతయ్య చేతిపని. ఆయన వడ్రంగి. కొలబద్ద కన్నా కన్నునే నమ్మేవాడు కాబట్టి ఒక కిటికీలా ఇంకోటి ఉండదు. ఏ గడిలో ఏ రంగు గాజు పెట్టాలో మాత్రం ఆయన చంకనెక్కి పిన్నే వేలుపెట్టి చూపించిందట. పెద్దయ్యాక గుడి తాళాలు కూడా ఆవిడ చేతికే వచ్చాయి. పొద్దున్నే ఎర్రగాజు వెలుగు నేలమీద పాకుతూ బలిపీఠం మెట్టు ఎక్కిందంటే పూజకి గంట కొట్టేది. ఆవిడకి గడియారంతో పనిలేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. లోపలంతా తెల్లటి వెలుగు, ఆసుపత్రి వరండాలా. కమానులు సిమెంటుతో పూడ్చేసి, కింద చదరంగా అల్యూమినియం చట్రాలు, పక్కకి జరిపే మామూలు అద్దాలు.

"ఏ బుద్ధిలేనివాడు చేయించాడు పిన్నీ ఇది?"

పిన్ని బల్లలు తుడుస్తోంది. గుడ్డ పిండి బకెట్ అంచున వేసి నావైపు చూసింది.

"నువ్వే కదరా."

"నేనా?"

"ఫోన్లో చెప్పావుగా. వానలు రాకముందే కిటికీలన్నీ తీసెయ్యాలి పిన్నీ, ఆలస్యం చెయ్యకూడదూ అని."

అన్నాను. నిజంగానే అన్నాను. మేం కెమెరావాళ్లం 'ఫొటో' అనే ముక్కని ఎప్పుడో మింగేశాం. తలుపు తీశావా, గోపురం తీశావా, అంతే మా భాష. మబ్బులు కమ్మితే రంగుగాజుల్లోంచి వెలుగు రాదు కాబట్టి, ఆలోపే వచ్చి తీసెయ్యాలని నా గోల. దానికి ముందు ఆవిడ ఏదో చెబుతూనే ఉంది. చట్రాలకి చెద పట్టిందనీ, జల్లు లోపలికి కొడుతోందనీ, ఏం చెయ్యమంటావురా అనీ. ఊఁ, ఊఁ అంటూ నా ధోరణిలో నేను పోయాను. ఆవిడ అడిగినదానికి నా మాట అతికినట్టు సరిపోయింది. తీరా చూస్తే వానలకి ముందు నేను రానేలేదు, ఇంకేదో పని తగిలింది.

"ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదురా," అంది పిన్ని. "మీ నాన్న చేతిపని నువ్వే పీకిస్తావా అని అందరూ మీద పడ్డారు. కొందరు ఇప్పటికీ పలకరించరు. పాత గుళ్లు చూడ్డమే మా అబ్బాయి పని, వాడు తీసెయ్యమన్నాడంటే ఏదో ప్రమాదం ఉండే ఉంటుంది అన్నాను. పీకేరోజు మాత్రం నేనిటు రాలేదు. ఆ చప్పుడు వినలేక."

"చట్రాలేవి?"

"పొయ్యిలోకి పోయాయి. బాగానే చేశానా మరి?"

నిజం నోటిదాకా వచ్చింది. అయ్యో పిన్నీ, ఫొటో తీస్తానన్నాను గానీ పీకెయ్యమనలేదు. ఆ ఒక్కమాటతో నేను బయటపడతాను. మరి ఆవిడ? మాట సరిగ్గా వినక కన్నతండ్రి కిటికీల్ని పొయ్యిలో పెట్టిన మనిషవుతుంది. ఇన్నాళ్లూ ఊరందరి చేతా మాటలు పడింది నన్ను నమ్మి. సరిగ్గా విననిది నేను. ఇప్పుడు ఆ నమ్మకాన్ని కూడా లాగేసుకుని చేతులు దులుపుకుపోవాలా? గురివింద తన నలుపెరగదంటారు. ఊరూరా తిరిగి జనాన్ని తిట్టిపోశాను, ఇంత ఘనకార్యం వాళ్లెవరూ చెయ్యలేదు.

"మంచిపని చేశావు పిన్నీ," అన్నాను. "చెద పట్టిన చట్రం ఎవరి నెత్తిన పడేదో."

"హమ్మయ్య," అని ఆవిడ బల్ల మీద కూలబడింది. పీఠం ముందు నిలబడి అబద్ధమాడాను. అక్కడ ఇంకో నిమిషం ఉండలేననిపించి సంచిలోంచి కెమెరా బయటికి లాగాను.

"ఎండ ఉండగానే ముందు గోపురం తీసేసి వస్తా."

నాలుక కరుచుకునేసరికే ఆలస్యమైపోయింది. పిన్ని నా చేతిలో కెమెరాని చూసింది. తర్వాత కిటికీల వైపు చూసింది.

"అయితే ఆ రోజు నువ్వన్నది కూడా..."

"లేదు పిన్నీ. ఆ రోజు పీకెయ్యమనే అన్నాను. చెద పట్టిందన్నావుగా, అందుకే."

"చెద సంగతి విన్నావా నువ్వు?"

"విన్నాను."

ఆవిడ మోకాళ్ల మీద చేతులానించి లేచి, పీఠం వెనక గదిలోకి వెళ్లి, పాత చీరముక్కలో చుట్టిన మూట తెచ్చింది. విప్పితే ఎర్రగాజు పెంకు, అరచేయంత.

"పనివాళ్లు వెళ్లాక ఏరి పెట్టుకున్నాను," అంది. "ఊరికే."

కిటికీ అద్దం పక్కకి జరిపి దాన్ని గట్టుమీద నిలబెట్టింది. అప్పుడే తుడిచిన బల్లమీద చిన్న ఎర్రమరక పడింది. ఆవిడ దానిమీద చెయ్యి పెట్టి, తీసేసింది.

"దీన్ని తియ్యి," అంది.

నేను కెమెరా కిందికి దించాను.

"ఫొటోనేరా," అంది మెల్లగా, నావైపు చూడకుండా.