పదును ఆగదు

కరువు మా దిక్కు చుట్టం లాంటిది. పిలవకుండానే వస్తుంది, పొమ్మన్నా పోదు. వరుసగా రెండేళ్లు వాన మొఖం చాటేసేసరికి, ఖానాపూర్ దగ్గరి పల్లెలో కొమురెల్లి ఎడ్లు అమ్ముకుని మంచిర్యాల అవతల బొగ్గుబాయి పనికి పోయాడు. పోతూ పోతూ పెళ్లాం ఐలవ్వతో, "మిరుగానికి వస్త" అన్నాడు, మృగశిర కార్తె తొలకరికి విత్తే వేళకని.

ఆ ఒక్క మాటతోనే ఆమె ఎండాకాలం వెళ్లదీసింది. ఇప్పపువ్వు ఉడికించుకుని తిన్నది గానీ, విత్తనానికని బూడిద కలిపి కుండలో దాచిన జొన్నలు గుప్పెడైనా ముట్టలేదు. ఆ ఇంట్లో గొర్రు పట్టేది మగడు, వెనకే నడుస్తూ గొర్రు గొట్టంలో గింజలు వదిలేది ఆలు. కాపురానికి వచ్చిన ఏడే అత్త ఆమె ఒడిలో జొన్నలు పోసి ఆయన వెనక నడిపించింది. వంగిన ఆ వీపు చూస్తూ నడవడమే ఐలవ్వకు కాపురమంటే.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి ఎరుక? ఈసారి మిరుగం రోజే దంచికొట్టింది. తెల్లారేసరికి ఊరంతా చేలల్లోనే ఉంది. మరిది హనుమంతు ఎడ్లు తోలుకొచ్చాడు.

"వదినె, మనది ఎర్ర చెలక. పదును ఆగదు, రెండు దినాలకే తడి ఆరిపోతది. నేను గొర్రు పడ్త, నువ్వు గింజలు పొయ్యి."

"మీ అన్న దారిల ఉండచ్చు. రేపు సూద్దాం తియ్యి."

మర్నాడూ అదే మాట. హనుమంతు తల కొట్టుకుని తన చేను విత్తుకోవడానికి పోయాడు. ఐలవ్వ పొద్దంతా సడక్ మీద నిలబడి బస్సుల కోసం చూసింది. మూడోనాడు పడమటి గాలి లేచింది, చెలక ఎండి బెడ్డలు కట్టింది.

ఆ తర్వాత వచ్చాడు కొమురెల్లి. ఇంటికి రాకుండా నేరుగా చేనుకే పోయాడని ఎవరో చెప్తే ఐలవ్వ ఉరికింది. ఆయన గట్టు మీద కూర్చుని మట్టి నలుపుతున్నాడు.

"ఇత్తలేదా?"

"నువ్వొస్తవని ఆగిన."

కొమురెల్లి చేతిలోని మట్టిని చేనులోకి రాల్చాడు.

"వాన గాడ గూడ పడ్డది. తమ్ముని ఎడ్లున్నయి, నువ్వున్నవు, ఇత్తే ఉంటవని నిమ్మలంగ పనిల్నే ఉన్న. జర మొలకలు సూసి పోదామని వచ్చిన."

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు, ఆమెను తన పక్కన కూర్చోమన్నాడు. ఇంత కరువులోనూ ఆ కాసేపు ఐలవ్వకు హాయిగా ఉంది, అందుకు సిగ్గూ వేసింది.

మర్నాడు బస్సు దగ్గర, "నేను గూడ వస్త" అన్నది.

"నువ్వు గూడ వస్తే, మల్ల వాన పడితే ఇత్తేదెవరు?"

బస్సు వచ్చింది. ఎక్కుతూ ఆయన వెనక్కి తిరిగాడు.

"ఈసారి పదునైతే నా కోసం ఆగకు, ఐలవ్వా."

"ఆగ తియ్యి, ఇత్తేస్త" అన్నది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి మొగుడికి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది.