అందేంత దూరం

ఉదయం నుంచి మా ఆఫీసులో దగ్గరున్నవేవీ అందడం లేదు. సర్వర్ నా బల్లకు ఆనుకునే ఉంది. చెయ్యి చాపితే గాలి తగులుతోంది. నరసాపురం బ్రాంచిలో ఉన్న కుర్చీని మాత్రం భీమవరం నుంచే జరపగలుగుతున్నాను.

మాది రొయ్యల మేత అమ్మే చిన్న కంపెనీ. కంప్యూటర్లు చూసుకునేది నేనే. వీధి చివరి పెట్టెలో కేబుల్ మారుస్తాను, అక్కడి స్విచ్ ఆపి మళ్ళీ వేస్తాను. సర్వర్ పలకదు. పక్క బల్ల దగ్గర ఓనరు రాజుగారు నోరు కదుపుతున్నారు, మాట వినిపించడం లేదు. ఆయన వీధిలోకి నడిచి మందుల షాపు దాటాక కేక స్పష్టంగా చేరుతుంది.

“ఏంటమ్మా వల్లీ, బిల్లులన్నీ ఆగిపోయాయి!”

“లోపలి లైనే పోయిందండి. బయట్నుంచి బానే ఉంది.”

“అయితే బయటే ఉందాం,” అని రాజుగారు అక్కడే ఎవరిదో అరుగు మీద కూర్చుంటారు.

నరసాపురం నుంచి కరుణాకర్ ఫోన్ చేస్తాడు. ఆ బ్రాంచి లెక్కలు చూసేది అతనే. కొన్నేళ్ళుగా రోజూ రిమోట్‌లో మా సర్వర్‌లోకి వస్తాడు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. నా తెరమీద అతని బాణం గుర్తు తిరుగుతుంటుంది. పనయ్యాక ఓ మూల కాసేపు ఊరికే ఆగుతుంది. ఆ కాసేపూ నేను మౌస్ ముట్టుకోను.

“నాకు ఇక్కణ్ణుంచి అన్నీ వస్తున్నాయి వల్లిగారూ. నేనొచ్చి చూడనా?”

“రండి,” అంటాను. జడ విప్పి మళ్ళీ అల్లుకుంటాను.

బస్సు భీమవరం చేరేకొద్దీ ఫోన్‌లో అతని గొంతు పలచబడుతుంది. బస్టాండులో సగం మాటలే. మా మెట్ల మీద దగ్గు ఒక్కటే. తలుపు తెరుచుకుంటుంది, ఎవరూ లేరు. ఎదురు కుర్చీలో దిండు మెల్లగా అణుగుతుంది.

“వచ్చారా?” అని చెయ్యి చాపుతాను. గాలి.

బల్ల మీది దుమ్ములో ఒక వేలు రాస్తుంది: పక్కనే ఉన్నాను.

“మీరు కదలకండి. నేను దూరం వెళ్తాను,” అని చెప్పి అదే బస్సెక్కుతాను.

వీరవాసరం దగ్గర ఫోన్‌లో అతని ఊపిరి వినిపిస్తుంది. పాలకొల్లులో మాట వస్తుంది.

“మీ కుర్చీలోకి మారాను. పర్లేదా?”

“కూర్చోండి.”

“ఇంకా వెచ్చగా ఉందండి.”

నరసాపురం రేవులో పంటు ఎక్కుతాను. గోదావరి మధ్యకు వచ్చేసరికి ఫోన్ అక్కర్లేదు. అతనింకా భీమవరంలో నా కుర్చీలోనే ఉన్నా, పంటు చివర అతని నీడ పడుతుంది, తర్వాత చెప్పులు, తర్వాత నీలం చొక్కా, గడ్డం. కళ్ళు ఇంకా రాలేదు.

పంటు నడిపే సరంగుని అడుగుతాను. “అవతలి ఒడ్డుని ఇంకాస్త వెనక్కి జరపగలరా?”

“ఎందాకండీ?”

“కళ్ళు కనపడేదాకా.”

“సముద్రం అడ్డొత్తాదేమోనండి. అడిగి చూత్తాను,” అని ఈల వేస్తాడు.

అవతలి ఒడ్డు కుచ్చెళ్ళు ఎత్తిపట్టినట్టు కొబ్బరిచెట్లను పైకి పట్టుకుని, సముద్రంలోకి వెనక్కి నడుస్తుంది.

కళ్ళు వస్తాయి. నన్నే చూస్తున్నాయి. గోదావరి ఒక్కో అలగా ఆ కళ్ళలోకి ఎక్కుతుంది. పంటు ఇసుక మీద కూర్చుంటుంది. మనుషులు సైకిళ్ళు దించుకుని నడిచి వెళ్ళిపోతారు. నేను దిగను. దిగాలంటే అతని వైపే నడవాలి, ఒక్క అడుగు దగ్గరైనా అతను చెరిగిపోతాడు. కమ్మీ పట్టుకుని నిలబడతాను.

అతను రెప్ప వెయ్యడం లేదు. వేస్తే ఏరంతా ఒలికిపోతుంది.