కర్ర వేసిన సీటు

నేను ఒక వెదురుకర్రను. వెదురునే గానీ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగను. చెప్పడానికి నోరుండాలిగా! నోరున్నవాళ్ళ కథ చెబుతాను, వినండి. విన్నాక నోరు లేకపోవడమే నయమనిపిస్తే ఆ పాపం నాది కాదు.

పుట్టింది బోడిగెడ్డ వాగు పైనున్న పొదలో. సోములు అనే మేకల కాపరి నన్ను నరికి, కణుపులు చెక్కి, వానాకాలమంతా తన వంటపొయ్యి మీద వేలాడదీశాడు. మనుషులు పొగ తాగితే దగ్గుతారు, మేం పొగ తాగితే నెగ్గుతాం. అతను మేకలమ్మేశాక, కొండకు ఇవతల పనసలమెట్ట బస్సు స్టేజీలో టీకొట్టు నడిపే అతని అక్క గంగులమ్మ చేతికొచ్చాను. అక్కడ నా ఉద్యోగం కోతుల్ని తోలడం. కొంతకాలానికి మనుషుల చేతిలో పడ్డాను. పనిలో పెద్ద తేడా కనిపించలేదు.

ఆ మనుషులు ఇద్దరు. ఒకరు విజయనగరంలో దర్జీ జోగారావు. దర్జా లేని దర్జీ. ఏళ్ళ తరబడి మిషను తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరగదీసుకున్నాడు. రెండోవాడు అతని బావమరిది సూరిబాబు. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. ఫ్యాను రెక్క ఆగుతుందేమో గానీ వాడి నోరాగదు. ఆదివారం వస్తే ఇద్దరూ ఎర్రబస్సెక్కి కొండలకి పోతారు. ఒక స్టేజీలో దిగి, కొండెక్కి, అవతల దిగి, ఇంకో స్టేజీలో బస్సు పట్టుకుంటారు.

"కారులో వచ్చినోడు మళ్ళీ కారు దగ్గరికే రావాల బావా. కొండకి అవతలి పక్క కూడా ఉంటాదని వాడికేటి తెలుస్తాది?" అంటాడు సూరిబాబు.

"ఆ పక్క కూడా నీ వాగుడే వినాల్సొస్తాదని నాకేటి తెలుసు?" అంటాడు జోగారావు.

అలాంటి ఒక ఆదివారం మోకాలు పట్టుకుని టీకొట్టు బల్లమీద కూలబడ్డ జోగారావు ఒళ్ళో గంగులమ్మ నన్ను పడేసింది. "పట్టుకెల్లు బాబూ. కోతుల్ని రాళ్ళతో తోలుకుంటాన్లే." ఆ రోజునుంచి అతను కర్త, నేను కర్ర, కొండెక్కడం మా కర్మ. అతను ఒక ఎర్ర జాకెట్టుముక్కతో టోపీ కుట్టి నా నెత్తిన పెట్టాడు. ఆ టోపీయే మా కొంప ముంచబోయింది.

ఆ సంగతి జరిగిన ఆదివారం పనసలమెట్టలో కొండెక్కి బోడిగెడ్డ వైపు దిగాం. దిగేదారిలో జోగారావు మోకాలు మెలిపడింది. సూరిబాబు తన భుజం మీది తువ్వాలు తీసి దానికి గట్టిగా కట్టాడు. ఆ తువ్వాలు మామూలు తువ్వాలు కాదు, కిటికీలోంచి విసిరి సీటు పట్టే ఆయుధం. సూరిబాబు తువ్వాలు పడ్డ సీటులో ఇంకొకరు కూర్చున్న చరిత్ర లేదు.

మేం బోడిగెడ్డ స్టేజీకి చేరేసరికి అక్కడి సంత ముగుస్తోంది. తుంపర మొదలైంది. అది ఆఖరి బస్సు. రెండు తలుపుల పాత బండి. కోళ్ళగంపలూ, పసుపు మూటలూ, మనుషులూ ఒకరి మీద ఒకరు. సూరిబాబు చెయ్యి అలవాటుగా భుజానికి పోయింది. తువ్వాలు లేదు. ఎదురుగా నేనున్నాను.

"బావా, ఇలాగియ్యి!" అంటూ నన్ను లాక్కుని వెనకసీటు కిటికీలోంచి లోపలికి తోసేశాడు. "సీటు పడిపోనాది! నువ్వు ఎనక తలుపులోంచి రా, నాను ముందునుంచి దూరతాను!"

నిలబడలేని మనిషికి కూర్చునే చోటు సంపాదించడం కోసం, ఆ మనిషి దేనిమీద నిలబడ్డాడో దాన్నే లాగేసుకున్నారు. మనుషుల తెలివి ఇదీ!

కిటికీలోంచి నాకు అంతా కనబడింది. నాలుగు అడుగుల బురద దాటాలి జోగారావు. రెండో అడుగులోనే జారి మోకాలిమీద పడ్డాడు. చెయ్యెత్తి "ఆపండి! ఆపండి!" అన్నాడు. కోళ్ళ అరుపుల్లో ఆ కేక కలిసిపోయింది. విజిల్ పడింది. బస్సు కదిలింది.

సంత లేచిపోతే బోడిగెడ్డ స్టేజీలో ఒక్క పిట్ట మిగలదు. ఫోన్లు పలకవు. దిగువన రోడ్డుమీదుగా వాగు పారుతుంది. మా బస్సు దాన్ని దాటేటప్పుడే నీళ్ళు చక్రాల్ని నాకుతున్నాయి, పైన కొండమీద వాన నల్లగా దిగుతోంది. జోగారావు సంగతి నాకు తెలుసు. కూర్చోమంటే కూర్చునే రకం కాదు. బస్సు వెంట నడిచొస్తాడు. ఆ నీళ్ళలో దిగుతాడు. చేతిలో నేను ఉండను.

ఒక పెద్దాయన సీటు మీదున్న నన్ను పక్కకి నెట్టి కూర్చోబోయాడు. పక్కసీటు ముసలమ్మ కస్సుమంది.

"కర్రేసున్నాది, కళ్ళు కనపడవేటి నీకు? ఎవులో కాలు బాగోలేని నాయన ఏసుకున్నాడు. వస్తన్నాడు."

"ఎవులూ లేరు కదా అమ్మా, కూకోనీ."

"నాను బతికుండగా కూకోలేవు!" అని ఆ మహాతల్లి నన్ను అందరికీ కనబడేలా నిలువుగా నిలబెట్టింది.

నా ఎర్ర టోపీ తలల మీంచి లేచింది. ముందు తలుపు దగ్గర వేలాడుతున్న సూరిబాబు అది చూశాడు. "అడుగో మా బావ! మహారాజులా కూకున్నాడు. సీటు దొరికాక పలుకుతాడేటండి?" అంటూ కండక్టరు దగ్గర ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాడు. లెక్క సరిపోయిందని కండక్టరూ సంతోషించాడు.

ఎన్నో ఆదివారాలు ఒక కాలికి ఊతమయ్యాను. ఆ సాయంత్రం అబద్ధానికి ఊతమయ్యాను. నేను నిలబడ్డంతసేపూ అక్కడ జోగారావు ఉన్నట్టే లెక్క. మనిషిని నిలబెట్టడానికి పుట్టినదాన్ని, ఇప్పుడు పడితే తప్ప అతను బతకడు. మలుపులో జారాను. ముసలమ్మ లేపింది. గోతిలో ఎగిరి పడ్డాను. మళ్ళీ లేపింది. "ఈ కర్రకి కుదురు లేదేటే!" అని విసుక్కుని, తన పసుపు మూటను నాకు ఆనించి బిగించేసింది. ఇంక కదల్లేను. అరుద్దామంటే గొంతు లేదు. బయట వాన పెరిగింది. ఒక్కో మలుపూ అతన్నుంచి నన్ను దూరంగా లాక్కుపోతోంది.

చివరికి ముసలమ్మ దిగే మలుపొచ్చింది. మూట తీసి నెత్తిన పెట్టుకుంది. నేను ధన్‌మని కింద పడ్డాను.

"ఈ కర్ర ఎవులిదో గానీ బాబూ, సీటు సూసుకోండి. నాను దిగిపోతన్నాను!"

"బావా, ఆవిడకి ఒక దండమైనా పెట్టు!" ముందునుంచి సూరిబాబు నవ్వాడు.

తలల మీంచి వెనక్కి చూశాడు.

"బావా?"

ఎర్ర టోపీ కనబడకపోయేసరికి వాడి నవ్వు ఆగింది. జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఖాళీ సీటు. కింద నేను. ఎన్నడూ మూతపడని ఆ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"అయ్యో, రాని మనిషికా నాను కాపలా కాసినాను?" ముసలమ్మ నుదురు కొట్టుకుంది.

"డ్రైవరన్నా, తిప్పు!" సూరిబాబు కేకేశాడు.

"ఈ ఘాటీలో బండెక్కడ తిరుగుతాదయ్యా? ఒకపక్క లోయ, ఒకపక్క కొండ," అన్నాడు డ్రైవరు. ఒక్క క్షణం ఆగి ఇంజను ఆపేశాడు. "బేగి పరిగెట్టు. ఇక్కడే ఉంటాను. హారను కొడుతుంటాను, దాన్ని పట్టుకుని రండి."

ముసలమ్మ మూట దింపి ఆ సీటుమీదే పెట్టింది. "నాను దిగను. ఆ నాయన వచ్చీవరకూ ఈ సీటు ఒగ్గను."

సూరిబాబు నన్ను పట్టుకుని ఎత్తుమీదికి పరిగెత్తాడు. చీకటి పడబోతోంది. దారంతా వాడు ఏడుస్తూ తనని తానే తిట్టుకున్నాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఎర్రగా, మోకాళ్ళ లోతున, రోడ్డుమీద ఉరుకుతున్నాయి. నడిమధ్యన, రోడ్డంచున పాతిన గుర్తురాయిని రెండు చేతులా కౌగిలించుకుని జోగారావు. ముందుకి రాలేడు, వెనక్కి పోలేడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

సూరిబాబు నీళ్ళలో దిగి, ఒక చేత్తో ఒడ్డునున్న రాయిని పట్టుకుని నన్ను ముందుకి చాచాడు. "పట్టుకో బావా!"

"చెయ్యి ఒదిలితే పోతాన్రా!"

"కర్ర నీదే బావా. నీ టోపీయే. పట్టుకో!"

ఒక చెయ్యి రాయిని వదిలింది. నా నెత్తిమీది ఎర్రగుడ్డని అందుకుంది. అటు అతను, ఇటు వీడు, మధ్యలో వాగు. నా నడుము కణుపు దగ్గర ఫెళ్ళుమంది. చీలిపోతున్నానని తెలుస్తోంది. సోములు పొగ పట్టించిన వానాకాలమంతా గుర్తొచ్చింది. విరగలేదు.

ఇద్దరూ ఒడ్డున వచ్చిపడ్డారు. దిగువనుంచి హారను వినబడుతోంది. ఆ మోత పట్టుకుని, నామీదా సూరిబాబు భుజంమీదా చెరిసగం వాలి, జోగారావు కుంటుకుంటూ దిగాడు. బస్సులో అందరూ నిలబడి ఉన్నారు. ఒక్క సీటు ఖాళీ.

"కూకో నాయనా," అంది ముసలమ్మ మూట తీస్తూ.

ఆ మోకాలు మళ్ళీ కొండెక్కలేదు. నా నడుముకి సూరిబాబు రాగితీగ చుట్టాడు. ఫ్యాన్లకి చుట్టే తీగే. ఇప్పటికీ ఆదివారాల్లో ముగ్గురం బస్సెక్కుతాం. పనసలమెట్టలో దిగి, గంగులమ్మ టీ తాగుతూ కొండకేసి చూసి, అదే బస్సులో వెనక్కి. అవతలి పక్క ఇంక లేదు. తిరిగొచ్చేటప్పుడు జోగారావు నన్ను ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుంటాడు. నిలబెట్టడు.

ఎర్ర టోపీని సూరిబాబు ఇంక నమ్మడు, బావ గొంతునే నమ్ముతాడు. బస్సు కదలబోయే ముందు, సీటు పక్కనే నిలబడి ఉన్నా సరే, కళ్ళు గట్టిగా మూసుకుని అరుస్తాడు.

"బావా, తిట్టు!"

కండక్టరు విజిల్ పెదాల దగ్గరే పెట్టుకుని ఆగుతాడు. బస్సంతా ఆగుతుంది. జోగారావు ఒకసారి కొండకేసి చూస్తాడు. చెయ్యి నా రాగితీగని తడుముతుంది.

"ఒరే సూరిగా, నీ నోరు కుట్టేస్తానొరే!"

అప్పుడు పడుతుంది విజిల్.